అక్క మాఫీ అడిగిన మధ్యాహ్నం

మొన్న శంషాబాద్‌లో, కొత్తగా కౌన్సెలింగ్ పనిలోకి వస్తున్న పిల్లలకు శిక్షణ క్లాసు చెబుతుంటే, ముందు వరుసలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తి, "మేడమ్, మన స్వభావాన్ని చెప్పుల్లాగా గుమ్మం బయటే విడిచిపెట్టి గదిలోకి రావాలా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సొంత గొడవలు గదిలోకి తేకూడదు, ఎవరి పక్షమూ పట్టకూడదు అంటూ పుస్తకంలో ఉన్నదే చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుంది. ఇంటికి వెళ్లే బస్సులో మాత్రం దారి పొడుగునా నాకు అక్కే గుర్తొచ్చింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. విమానాశ్రయం వచ్చిన కొత్తల్లో, శంషాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణం పై అంతస్తులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న కౌన్సెలింగ్ కేంద్రం ఉండేది. నేను అక్కడ కొత్తగా చేరాను, ఆవిడ పెద్ద కౌన్సెలర్. వచ్చేవాళ్లూ, పనిచేసేవాళ్లూ, కింద దుకాణం యజమానీ అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్లు. ఆ చుట్టుపక్కల ఊళ్లోనే రైతుల ఇంట్లో పుట్టింది. పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక తనూ పుస్తకాలు పట్టుకుని సైకాలజీలో ఎమ్మే చేసింది. తమ జొన్నచేను ఉండిన చోట ఇప్పుడు విమానాలు దిగుతున్నాయని, తన కడుపు నింపిన నేల ఇప్పుడు ఎవరెవరికో దారి చూపుతోందని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు కింది దుకాణం దాకా వినిపించేది.

మాది గోదావరి వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబం. మా ఇంట్లో అన్నయ్య గదిలోకి వెళ్లాలన్నా గుమ్మం దగ్గర చిన్నగా దగ్గి వెళ్లేవాళ్లం. అటువంటి ఇంట్లో పెరిగిన నన్ను అక్క మొదటిరోజే, "ఏం కూర వండినవ్ పిల్లా? మీ అత్త నీ తాననే ఉంటదా? మంచిగుంటదా, సతాయిస్తదా?" అని అడిగేసింది. ఈవిడ కౌన్సెలరా అని బిత్తరపోయాను. తర్వాత్తర్వాత అర్థమైంది, అది ఊసుపోక తీసే ఆరా కాదు. ఎదుటి మనిషి బతుకు ఆవిడకు నిజంగానే వింతగా, అపురూపంగా కనిపించేది. వచ్చినవాళ్ల పేర్లు మరిచిపోయేది గానీ, వాళ్ల గేదె ఏ కాలికి కుంటుతుందో, వాళ్ల కోడలికి ఏ పచ్చడి పడదో గుర్తుపెట్టుకునేది. గొంతు మాత్రం తగ్గించడం ఆవిడ వల్ల కాలేదు. గదిలో మాట బయటికి పోకూడదు కదా, అందుకని మా ఇన్‌ఛార్జి గారు వరండాలో గడగడమనే పాత ఫ్యాన్ ఒకటి పెట్టించారు. అక్క ఇంకో ఉపాయం తనే కనిపెట్టింది. "నా గొంతు గిట్ల మైకు తీరు ఉండె, అందుకని గదిల నేను మాట్లాడుడే తక్కువ జేసిన," అనేది. వినడం అనే గొప్ప గుణం ఆవిడకు ఆ లోపంలోంచి అబ్బింది. అయితే ఒక్కసారి మాత్రం ఆ నియమం తప్పింది.

మహేశ్వరం దిక్కు ఒక ఊరి నుంచి ఒక కూతురు తన తండ్రిని తీసుకొచ్చింది. అరవై దాటిన రైతు, భుజం మీద తువ్వాలు, చూపులు నేల మీద. కొన్ని నెలల కిందట ఆయన బండి మీద వెనక కూర్చున్న భార్య స్పీడ్ బ్రేకర్ దగ్గర జారిపడి, దవాఖానకు చేరేలోపే పోయింది. అప్పట్నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడడు, రోజుకు ఒక్క పూట, అదీ కూతురు పోరితే తింటాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క మాటా అనలేదు. రెండోసారి నేను కూడా గదిలో ఉన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "నేనే సంపిన ఆమెను," అన్నాడు. అక్క మొహం వాడిపోయింది. "అయ్యో, నీ తప్పేం లేదన్నా. గట్ల అనుకోకు," అంది గబగబా. ఆయన తువ్వాలు సర్దుకుని లేచి, "మంచిది చెల్లె," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మరుసటి వారం రాలేదు. కూతురు ఫోన్ చేసి, బాపు ఆ ఒక్క పూట కూడా తినడం మానేశాడని ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక అక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నేను ఓదార్పుగా, "మీరు తప్పుగా ఏమన్నారు అక్కా, అందరూ అనే మాటే కదా," అన్నాను. "గదే పిల్లా. అందరు అన్నదే నేను గూడ అన్న. గా మాట ఇనుడు నాతోని గాలే. అందుకే ఆయన నోరు మూయించిన," అంది. ఇళ్లకు వెళ్లడం మా పద్ధతి కాదు. అక్క ఇన్‌ఛార్జి గారిని ఒప్పించి, కూతురి ద్వారా ఆయన్ని అడిగించింది. "వస్తె రానీ," అన్నాడట.

ఆ మధ్యాహ్నం అక్కా నేనూ బస్సు దిగి, ప్లాట్లకు పాతిన రాళ్ల మధ్య నుంచి నడిచి వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన పెరట్లో గేదెలకు గడ్డి కోస్తున్నాడు. కూతురు మాకు కుర్చీలు వేసి, అక్క సైగ చేస్తే లోపలికి వెళ్లింది. అక్క కుర్చీలో కూర్చోలేదు. కుడితి తొట్టి పక్కన రాయి మీద, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఆనాడు నువ్వొక మాట జెప్పవోతుంటే నేను మధ్యల అడ్డం వడ్డ. ఏం జరిగిందో తెల్వకుండ నీ తప్పేం లేదని నేనెట్లంట? నాది తప్పయింది. మాఫ్ చెయ్యి," అంది. ఆ గొంతు అంత మెల్లగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఆయన కొడవలి ఆపాడు. "గింత దూరం గిది జెప్పనీకే వచ్చినవా?"

"గిందుకే వచ్చిన."

ఆయన కోసిన గడ్డిని సవరించి పక్కన పెట్టాడు. తర్వాత తనంతట తనే మొదలుపెట్టాడు. శంషాబాద్‌లో చుట్టాలింటి నుంచి తిరిగొస్తున్నారు. విమానాశ్రయం గోడ పక్కన రోడ్డు మీద వెనక నుంచి భార్య, జరసేపు బండి ఆపమంది, విమానం దిగేది చూస్తానంది. పాలు పిండే వేళైందని ఈయన ఆపలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఈయనకు కోపమొచ్చి, తిట్టడానికి మెడ వెనక్కి తిప్పాడు. "గప్పుడే. ముంగట ఏమున్నదో నేను చూడలే. అందరికి స్పీడ్ బ్రేకర్ కనవడలే అని జెప్పిన. కనవడకేం? మెడ తిప్పిన, గంతే."

నా నాలిక చివర ఓదార్పు మాటలు అరడజను ఉన్నాయి. అక్క ఒక్క మాటే అంది. "ఔనన్నా. మెడ తిప్పినవ్."

అంతే, ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అక్క ఊరుకోమనలేదు, నీళ్లు ఇమ్మనలేదు. గేదెలు కూడా మేత ఆపి అటే చూశాయి. ఏడుపు కాస్త నెమ్మదించాక అక్కలోని ఆరా నిద్ర లేచింది. "వదినకు ఇమానాలంటే గంత ఇష్టమా?" అని అడిగింది. ఆయన మొహం ఎత్తాడు. ఇష్టమా అంటే అంతా ఇంతా కాదట. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ తోక రంగును బట్టి విమానాలను గుర్తుపట్టేదట. "గా ఎర్రతోకది పొద్దుగాల పోయింది, మల్ల మర్లొచ్చింది సూడు," అనేదట, మేతకు పోయిన బర్రె గురించి చెప్పినట్టు. చెబుతూ చెబుతూ ఆయన ఒకసారి నవ్వాడు కూడా. లోపలి నుంచి కూతురు తలుపు దగ్గరికి పరుగున వచ్చి ఆగిపోయింది.

వచ్చేముందు అక్క, "గీ ముచ్చట నీ బిడ్డకు జెప్తవా?" అని గొంతు తగ్గించి అడిగింది. "జెప్తే గా బిడ్డ గూడ నన్నిడిసి పోతది చెల్లె," అన్నాడాయన. ఇంకెవరైనా అయితే, నేనే అయితే, పోదులే అనేదాన్ని. "పోవచ్చు. పోదని నేను మాటియ్య. నువ్వు జెప్పేటప్పుడు పక్కన గూసుంట," అంది అక్క.

చెప్పాడు. మా కేంద్రంలోనే, అక్క పక్కన కూర్చుని ఉండగా. కూతురు విని లేచి, అటునుంచటే అత్తింటికి వెళ్లిపోయింది. వారాలు గడిచాయి, తండ్రి గడప తొక్కలేదు. ఆయన మాత్రం తనే రెండు పూటలా వండుకు తింటూ, ప్రతి వారం మా మెట్లెక్కి వచ్చేవాడు. కూతురికి నచ్చజెప్పమని నేను అక్కను తొందరపెట్టాను. "ఆమె తల్లి పోయింది పిల్లా, కోపం రానీ," అంది. కూతురు ఫోన్ చేసి తిట్టినప్పుడల్లా అక్క అన్నీ విని, మళ్లీ చెయ్యమనేది. చివరికి బోనాలకు ఆ అమ్మాయి తనంతట తానే పుట్టింటికి వచ్చిందట. బోనం కుండకు పసుపు రాస్తూ రాస్తూ తండ్రితో, "అమ్మ బండెక్కితే నీతోని కొట్లాడకుంట ఎన్నడన్న ఉన్నదా బాపు? నువ్వు మెడ తిప్పకుంట ఎన్నడన్న నడిపినవా? నాకు తెల్వదా," అందట. ఆ మాట మాకు చెబుతూ ఆయన మళ్లీ ఏడ్చాడు గానీ, అది వేరే ఏడుపు.

ఇదంతా రాయొచ్చా అని ఈమధ్య ఆయన్నే అడిగాను. "రాస్కో బిడ్డా, ఊరి పేరొక్కటి రాయకు," అన్నాడు. అక్క ఇప్పుడు పని మానేసి, మోకాళ్ల నొప్పులతో కొడుకు ఇంట్లో ఉంటోంది. అక్కడ కోడలితో మాట తూలితే, ఆ పూట అన్నం తినేలోపే వెళ్లి మాఫీ అడుగుతుందట. కోడలే నాకు చెప్పింది. గదిలో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషిగా ఉండటం ఆవిడకు చేతకాలేదు. చేతకాకపోవడమే ఆవిడ దగ్గరికొచ్చిన వాళ్ల అదృష్టం. నేను ఉద్యోగంలో చేరిన తేదీ కాగితాల మీద వేరే ఉంది. కానీ ఈ పనిలో నా వయసెంతని నన్ను నేను ప్రశ్నించుకుంటే, ఆ పెరట్లో గడిచిన మధ్యాహ్నం నుంచే నా ఏళ్లు మొదలవుతాయి.