దానియేలు పెట్టని సంతకం

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలకే. నిజంగా మోసినవాడికి నడుం వంగాలి. నాకు శాలువాలు కప్పారు. ఇవాళ మీకు చెబుతున్నానంటే మీరు నన్నెరగరు కాబట్టే. నా పేరు మాత్రం అడక్కండి. చెప్పే దమ్ము ఇంకా రాలేదు.

నేను రాకెట్ల చరిత్ర రాస్తాను. వాటిని తయారుచేసిన మనుషుల జీవితచరిత్రలు రాస్తాను. ఉండేది నంద్యాలలో. తెలుగులో ఈ పని చేసేవాళ్ళు తక్కువ కాబట్టి నన్ను నెత్తిన పెట్టుకున్నారు. ఏడు పుస్తకాలు రాస్తే పేరు తెచ్చింది ఒక్కటే. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో పుట్టి రాకెట్ ఇంజనీరుగా ఎదిగిన ఒకాయన కథ అది. ఇక్కడ ఆయన్ను పెద్దాయన అంటాను. నేను రాసేనాటికే ఆయన లేరు.

ఆ పుస్తకంలో అందరికీ నచ్చే అధ్యాయం ఒకటుంది. ప్రయోగానికి ముందురోజు మధ్యాహ్నం పెద్దాయన మనసులో ఏదో శంక. టార్చి పట్టుకుని తనే నిచ్చెన ఎక్కుతాడు. ఇంధనం గొట్టం అతుకు దగ్గర రబ్బరు రింగులో వెంట్రుకంత పగులు చూస్తాడు. ప్రయోగం ఆపేస్తాడు. బడిపిల్లలు ఈ ఘట్టాన్ని ఉపన్యాసాల పోటీల్లో అప్పజెబుతారు. ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి.

అది అట్లా జరగలేదు.

ఆ పగులు కనిపెట్టింది దానియేలు. కోయిలకుంట్ల పక్క శనగచేలలో కూలికి పోయే ఇంటినుంచి వచ్చిన ఫిట్టరు. గోటితో తడిమితే తగిలిందట. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. పెద్దాయన టార్చి వేసి చూసి, ఏమీ లేదని, అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. దానియేలు తిట్లు తిన్నాడు గానీ సంతకం పెట్టలేదు. సంతకం లేనిదే పని ముందుకు కదలదు. చివరికి రింగు విప్పి చూశారు. పగులు ఉంది.

రిటైరయ్యాక దానియేలు నంద్యాలలోనే ఉండేవాడు. నాకు ఇదంతా చెప్పి తన నోట్‌బుక్ చేతిలో పెట్టాడు. జిరాక్స్ కాదు, అసలుదే. చరిత్ర రాసేవాడి దగ్గర కాగితం భద్రంగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆనాటి పేజీలో ఆయన రాత కింద పెద్దాయన దస్తూరీ కూడా ఉంది. దానియేలు చెప్పిందే నిజమని, తిట్టినందుకు సిగ్గుపడుతున్నానని, కింద సంతకం.

అర్థమైందా మీకు? పెద్దాయనే ఒప్పుకున్నాడు. ఒక ఫిట్టరు నోట్‌బుక్‌లో, తన చేత్తో. ఆయన జీవితం మొత్తంలో అంతకంటే గొప్ప పని నాకు కనబడలేదు, అయినా దాన్నే తీసి పారేశాను, ఆయన్ను ఉన్నదానికంటే పెద్ద చేద్దామని కూర్చుని ఆయనలోని పెద్దతనాన్నే చెరిపేశాను. ఎవరడిగారు? ఆయన ఇంటివాళ్ళు అడగలేదు. ప్రచురించినవాళ్ళు అడగలేదు. మరి ఎందుకు చేశాను? కథ రక్తి కట్టాలని, హీరో ఒక్కడే ఉండాలని అనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇదే. ఇది కూడా సగమే. పెద్దాయనా నేనూ ఒకే రకం ఇళ్ళనుంచి వచ్చాం, భూములున్న ఇళ్ళు. కూలివాళ్ళ ఇంటి పిల్లవాడు పెద్దాయన తప్పు పట్టుకున్నాడని రాయడానికి నా చెయ్యి రాలేదు. ఒక ఫిట్టరు పేరు తీసేస్తే అడిగే దిక్కెవరులే అనుకున్నాను. తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

దిక్కు లేకేం. దానియేలే వచ్చాడు. పుస్తకానికి అవార్డు ప్రకటించిన వారం, ఆదివారం చర్చినుంచి నేరుగా, తెల్లచొక్కాతో. చంకలో నా పుస్తకం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఇందులో నేను యాడుండానప్పా?"

"చివర కృతజ్ఞతల్లో మీ పేరుంది దానియేలన్నా."

"దాన్ని ఎవురు చూస్తారు? నా కొడుకు మొత్తం చదివినాడు. ఏంది నాయనా, ఇన్నేండ్లు మాకు అబద్ధాలు చెప్పినావా అని అడుగుతాండాడు. ఏం చెప్పల్ల వానికి?"

"మళ్ళీ అచ్చేసినప్పుడు సరిచేస్తాన్నా."

"అది నీ ఇష్టం. నా నోట్‌బుక్ ఇయ్యి. వానికి చూపిస్తా, చాలు."

నోట్‌బుక్ పక్క గదిలో బీరువాలో ఉంది. పది అడుగులు. అది ఆయన చేతికి పోతే ఊరు చూస్తుంది, అవార్డు ఇచ్చేవాళ్ళు చూస్తారు.

"ఇల్లు మారినప్పుడు యాడో పోయిందన్నా," అన్నాను.

ఆయన చంకలోని పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"చరిత్ర రాసేటోనివి. కాగితం పోగొడతావా?"

అంతే. అరవలేదు. వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, తగువు అయ్యేది, తగువులో నిజం బయటపడేదేమో. లేదు, ఇదీ సాకే. ఆయన అరవలేదని కూడా ఆయన మీదే తోస్తున్నాను.

పుస్తకం మూడుసార్లు మళ్ళీ అచ్చయింది. ఒక్క అక్షరం మార్చలేదు. నంద్యాలలో టీకొట్టు దగ్గర దానియేలును 'రాకెట్టు ఆపినోడు' అని ఆటపట్టించేవారని విన్నాను. విని ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. సమాధుల దొడ్డిలో ప్రార్థన అయ్యాక కొడుకు నాలుగు మాటలు మాట్లాడాడు. మా నాయన మంచోడు, కొంచెం గొప్పలు చెప్పుకుంటాండె, దేవుడు క్షమిస్తాడులే అన్నాడు. జనం చిన్నగా నవ్వారు. వెనక వరుసలో నిలబడిన నేనూ నవ్వాను. ఎట్లా నవ్వానో ఇప్పటికీ తెలియదు. ఆ నోరు నాదే.

పోయిన నెల ఆళ్లగడ్డ శిల్పులు పిలిచారు. పెద్దాయన విగ్రహం తయారవుతోంది, పీఠం మీద నా పుస్తకంలోని వాక్యం చెక్కాలట. నల్లరాయి మీద అక్షరాలు రంగుతో రాసిపెట్టారు. అక్కడ పద్ధతి ఒకటుంది. రాసిన మనిషి వచ్చి, అక్షరాలను పైకి చదివి, సరే అనాలి. అన్నాకే ఉలి దించుతారు. చదివాను. 'పగులును తన కంటితో తానే చూసినవాడు' అన్న చోటికొచ్చి ఆగిపోయాను.

"ఇది అబద్ధం. చెక్కొద్దు," అన్నాను.

శిల్పి ఉలి కింద పెట్టాడు. "ఇన్నేండ్లు పుస్తకంలో ఉండె గదా సార్?"

కాగితం మీద నిలబెట్టిన అబద్ధం రాతి మీద కనబడేసరికి భయమేసింది, అంతే. దీన్ని పశ్చాత్తాపం అనకండి. విగ్రహం పెట్టేవాళ్ళు ఫోన్లో తిట్టారు. వేరే వాక్యం రాయించుకుంటారట. రాయించుకోనీ.

అక్కణ్ణుంచి నంద్యాల వచ్చి, నోట్‌బుక్ తీసుకుని దానియేలు కొడుకు దగ్గరికి వెళ్ళాను. మోటార్ వైండింగ్ షాపు ఆయనది. రాగితీగ చుడుతున్నవాడు చేతులు తుడుచుకుని ఆ పేజీ చదివాడు. మళ్ళీ చదివాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"మా నాయన దీని జిరాక్స్ యాడన్నా ఉందేమోనని ఇల్లంతా వెతుకుతాంటే, లేనిదాన్ని వెతుకుతాండావని నేనే కసిరినా సార్. ఇన్నాళ్ళు తెలీక బతికినా. ఇప్పుడు తెలిసి బతకల్ల," అన్నాడు. మళ్ళీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.

ఇంటికొచ్చాను. ఆకలేసింది. చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. దానియేలు కొడుకు తిన్నాడో లేదో నాకు తెలియదు.