నూట తొంభై ఆరు పుటలు

పోయినవాటిని ముందు లెక్కపెడతాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి; అందులో నేను రాసినవి నూట తొంభై ఆరు. బాల్‌పెన్ రీఫిళ్లు మూడు. ఒక వానాకాలం, దాని వెనుక చలికాలంలో సగం. వీటికి తోడు ఆదివారం ఆట.

ఆ ఆట మొయినాబాద్‌లో ఒక టైలర్ దుకాణంలో సాగేది. చర్చిలో ప్రార్థన అయ్యాక నేరుగా అక్కడికే వెళ్లేవాణ్ణి. నాకు చదరంగం నేర్పింది ఆ టైలరన్నే. ఆయన బోర్డు మీద నల్ల ఏనుగు ఒకటి ఎప్పుడో పోయింది. దాని గడిలో కోటు గుండీ పెడతాడు. నేను చదివింది పదో తరగతి. చందనవెల్లిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు తూకం వేస్తాను. లెక్క సొంతంగా నేర్చుకున్నదే అయినా, నా కాటా చీటీ ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఒక ఆదివారం ఆయన అడిగాడు. "అన్ని లెక్కవెడ్తవ్ గద తమ్మీ, నువ్వొక ఎత్తు, నేనొక ఎత్తు ఆడితే ఆట ఎన్ని తీర్ల నడుస్తది?"

టీ చల్లారేలోపు చెప్పాను. "నూట తొంభై ఆరు."

బంట్లు ఎనిమిది, ఒక్కోటి ఒక్క గడి ముందుకు. గుర్రాలు రెండు, చెరి రెండు చోట్లకు. రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు కనుక ఇంకో రెండు. మొత్తం పద్నాలుగు. అవతలివైపూ పద్నాలుగే. పద్నాలుగు పద్నాలుగులు నూట తొంభై ఆరు.

"మరి మూడో ఎత్తుకు?"

"తెస్తనన్నా. లెక్క తప్పితే నీ బోర్డు ముట్ట."

ఒక్కో స్థితికి ఒక పుట తీసుకుని, అక్కడి నుంచి మూడో ఎత్తు ఏమేం ఆడొచ్చో రాశాను. రెండు వైపులా రాజు పక్క గుర్రం లోపలికి వచ్చిన పుటలో పదహారు ఎత్తులు తేలాయి. అన్ని పుటలూ నిండాక కూడిక మాత్రం మిగిల్చాను, టైలరన్న ముందే వేయాలని. ఈలోగా చేవెళ్లలో పిల్లల చెస్ పోటీ జరుగుతుంటే, ఆట తెలిసినవాళ్లకు చూపిద్దామని నోట్‌బుక్ పట్టుకుపోయాను. పోటీ నడిపే అమ్మాయి మొదటి పుట దగ్గరే ఆగింది.

"అంకుల్, ఫస్ట్ మూవ్‌ల బంటు రెండు గళ్లు గూడ పోతది గదా?"

"మా తాన ఒక్కటే పోతది బిడ్డా."

"రాజు దూకుడేంది మరి?"

చుట్టూ ఉన్న పిల్లలు కిసకిసా నవ్వారు. ఆమె నవ్వలేదు. బంట్లవి పదహారు, గుర్రాలవి నాలుగు, మొత్తం ఇరవై అని బోర్డు మీద చూపించింది. ఇరవై ఇరవైలు నాలుగు వందలు. మళ్లీ వేసి చూశాను, నాలుగు వందలే.

బస్టాండు దగ్గర మిర్చి బండి అవ్వకు నోట్‌బుక్ ఇచ్చేశాను. నా ఎదుటే మొదటి పుట చింపి, నాలుగు బజ్జీలు పెట్టి ఎవరికో ఇచ్చింది.

మరుసటి ఆదివారం టైలరన్నకు జరిగింది చెప్పి, ఇక ఆడనన్నాను. ఆయన మిషన్ ఆపాడు.

"నాలుగు నూర్లు వాళ్ల ఆటది. వాళ్లు లెక్కవెట్టుకున్నరు. మన ఆట ఎవ్వడు లెక్కవెట్టిండు?"

దారం తెంపి మళ్లీ ఆయనే అడిగాడు.

"ఆ బుక్కేది?"

"మిర్చి బండికిచ్చిన."

"మంచిగున్నది! నేనడిగిన లెక్కను ఊరోళ్లకు బజ్జీలల్ల తినవెట్టినవ్."

బోర్డు మడిచి మిషన్ కింద పెట్టేశాడు. "లెక్క తెచ్చినంకనే పరుస్త. అప్పటిదాక గుండీ గూడ ముట్టనియ్య."

ఆయన అన్నది నిజం. మా నియమాల ప్రకారం నా లెక్కలో తప్పు లేదు. నేను తొందరపడ్డాను, అంతే. కొత్త నోట్‌బుక్ కొన్నాను. ఈసారి ప్రతి పుటనూ ఎడమ మూల నుంచి ఒకసారి, కుడి మూల నుంచి ఒకసారి లెక్కపెడుతున్నాను. రెండూ కలిస్తేనే పుట తిప్పుతాను. మొన్న ఆదివారానికి నూట యాభై ఏడు అయ్యాయి. ఒక్కటీ మళ్లీ దిద్దే పని పడలేదు, పడదు కూడా.

ఆ రోజు దుకాణం మెట్టెక్కుతుండగానే, తలెత్తకుండా, కాలు మిషన్ మీదే ఉంచి అడిగాడు.

"ఇంకెన్నున్నయ్?"

"ముప్పై తొమ్మిది."