మా యారాలి గులాబీ గోడ

పోయిన నెల పటేల్‌గూడలో మేము కొత్తగా కొన్న ఫ్లాటుకు రంగులు వేయిస్తుంటే, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఫ్లాస్కులో చాయ పోసుకుని వెళ్లాను. హాలు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అలవాటు కొద్దీ గోడకు చెయ్యి ఆనించబోతే, నిచ్చెన మీదున్న బిహారు పెయింటరు "ఆంటీ, హాత్ మత్ లగావో, ప్రైమర్ గీలా హై" అని గట్టిగా కేకేశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని చూద్దును కదా, నాలుగు గోడలూ తెల్లగా, ఇంకా తడిగా ఉన్నాయి, వాసన మాత్రం లేదు. రంగుకు ముందు వేసే ఈ పూత ఇప్పుడంతా నీళ్లలో కలిపే ప్రైమరేనట, కొత్త గోడలకు అదే చాలునట. ఆ తెల్లదనం చూసిన మరుక్షణం, ఇన్నేళ్లయినా చల్లారని నా కడుపుమంట మళ్లీ రాజుకుంది. నా ఈడు ఆడవాళ్లు చదువుతారు, అర్థం చేసుకుంటారు అనే ధైర్యంతోనే ఈ మాట దాచకుండా చెబుతున్నాను.

పటాన్‌చెరులో మా అత్తగారిల్లు రెండు పోర్షన్ల ఇల్లు. నడుమ ఒకే గోడ, ముందు అందరికీ కలిపి ఒక వాకిలి. ఇటు పోర్షను పెద్దకోడలినైన నాది, అటుది నా తోటికోడలిది. మా దిక్కున తోటికోడలిని యారాలు అంటాం. నేను కాపురానికి వచ్చేనాటికి మా ఆడబిడ్డ ఇంకా లంగాలు కట్టుకునే పిల్ల. తలకు నూనె పెట్టింది నేను, రెండు జడలు వేసి బడికి పంపింది నేను, జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకున్నది నేను. అటువంటి పిల్ల, మరిది పెళ్లయి ఆ నవ్వులమారి యారాలు గుమ్మంలో కాలుపెట్టిన నెల తిరక్కుండానే చాప, దిండు ఎత్తుకుని అటు పోర్షనులోకి మారిపోయింది. ఎందుకే అని అడిగితే, చిన్నొదిన నవ్విస్తుంది అంది. నాకు నవ్వించడం రాదు, ఏం చెయ్యను? ఆ రోజు నుంచి యారాలిని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాననే చెప్పాలి.

ఆ పిల్లకు సంబంధం వచ్చింది. అబ్బాయిది కాజీపల్లి, మందుల కంపెనీలో పని. ఆషాఢం వెళ్లాక శ్రావణంలో పిల్లను చూడటానికి వస్తామని కబురు పంపారు. ఏటా దసరాకు సున్నం కొట్టుకోవడమే తప్ప మా గోడలు అంతవరకు రంగు ముఖం ఎరగవు. ఈ మిషతోనైనా రంగులు వేయిద్దామని రెండు పోర్షన్లలోనూ ఒకేసారి అనుకున్నాం. వచ్చినవాళ్లను పెద్దకోడలి ఇంట్లోనే కూర్చోబెడతారని, మాట ఖాయమయ్యేది నా ముందరి గదిలోనేనని, ఆ మర్యాద నాది కాక ఎవరిదవుతుందని నా ధీమా. పెంచినదాన్ని నేనాయె. ఆ పిల్ల రేపు పుట్టింటికి వచ్చినప్పుడల్లా, నా పెళ్లి ఖాయమైంది ఈ గదిలోనే అని నా ఇంటికి రావాలని ఆశపడ్డాను.

మా ఆయన పెద్ద ఫ్యాక్టరీలో రంగులు వేసే సెక్షనులో పనిచేసేవారు. అక్కడ ఎంత చిన్న ఇనుప ముక్కైనా ప్రైమరు వేయకుండా రంగు తాకనివ్వరట. ఆ రోగం ఇంటికి కూడా పట్టుకొచ్చారు. "ఇనుముకే ప్రైమర్ లేంది రంగు పట్టదు, గీ సున్నపు గోడకెట్ల పడ్తదే?" అని, సెలవు దొరికినప్పుడల్లా రేకు పట్టుకుని ఏళ్లనాటి సున్నం పొరలు పొరలుగా గోకడం మొదలుపెట్టారు. గోకాక గరుకు కాగితంతో రుద్దడం, రుద్దాక తడిగుడ్డతో దుమ్ము తుడవడం, ఆపైన ఏ ప్రైమరు తేవాలని దుకాణాల చుట్టూ తిరగడం. కొత్త గోడకైతే నీళ్ల ప్రైమరు సరిపోతుందట, పాత సున్నం తిని పొడిబారిన గోడకు నూనె ప్రైమరైతేనే లోపలికి ఇంకి పట్టుకుంటుందట. సరే, ఆ నూనె ప్రైమరే తెచ్చి పూశారు. అమ్మో, ఆ వాసన! అన్నం తిన్నా అదే వాసన, తల దువ్వుకున్నా అదే వాసన, పిల్లలను తీసుకుని వాకిట్లో పడుకునేదాన్ని. దానికి తోడు శ్రావణం ముసురు. గోడ ఆరదు, ఆరందే రంగు వేయనని ఆయన మొండిపట్టు.

అటు పోర్షనులో ఈ తతంగం ఏమీ లేదు. మా మరిది గులాబీ రంగు డబ్బా తెచ్చి, నీళ్లు కలిపి, ఉన్న సున్నం మీదనే రెండు సాయంత్రాల్లో గది మొత్తం పూసి చేతులు కడుక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, గది వెలిగిపోయింది. వాడకట్టులోని ఆడవాళ్లంతా చూడవచ్చారు, వచ్చిన ప్రతివాళ్లూ పోతూ పోతూ నా తెల్ల గోడల వైపు తొంగిచూసి, మీదింకా కాలేదా అని అడిగి మరీ పోయారు. పుండు మీద కారం చల్లినట్టుండేది నాకు. ఉండబట్టలేక ఒకనాడు, సున్నం మీద రంగు నిలవదంట, మీ బావ అంటున్నారు అని యారాలితో అన్నాను. ఆమె పకపకా నవ్వి, "అక్కా, నీ గోడ ఆరేటాల్లకు మన ఆడబిడ్డకు పిల్లలు గూడ పుడ్తరు" అంది. పక్కనే ఉన్న ఆడబిడ్డ కూడా నవ్వింది. నేను పెంచిన పిల్ల! ఆ నవ్వుకు నా ఒళ్లు భగ్గుమంది.

అనుకున్నదానికంటే ముందే, వచ్చే ఆదివారమే వస్తున్నామని అబ్బాయి తరఫువాళ్ల నుంచి మళ్లీ కబురు. నా గోడలకు ప్రైమరే ఉంది, రంగు లేదు. మా అత్తమ్మ నా గది గుమ్మంలో నిలబడి ఒకసారి అటూ ఇటూ చూసి, "గీ తెల్లగోడల నడుమ కూసోవెడ్తె దవాఖానల కూసున్నట్టుంటది. చిన్నదాని అర్రలనే కూసోవెడ్దాం" అని తేల్చేసింది. అంతే. నా జంపఖానా, నా కొత్త గ్లాసులు కూడా ఆ గదిలోకే పోయాయి. ఆ రాత్రి నేను అటు తిరిగి పడుకుంటే, ఆయన మాత్రం ఏమీ జరగనట్టు గోడను గోటితో గీకి చూసుకుని సంతోషపడ్డారు.

ఆదివారం వాళ్లు వచ్చారు. మగవాళ్లంతా తెల్లచొక్కాల్లో వచ్చి జంపఖానా మీద బాసింపట్లు వేసుకుని, గోడకు వీపులు ఆనించి హాయిగా కూర్చున్నారు. చుడువా, లడ్డూలు, చాయ మోసింది నేను, మాటలతో మురిపించింది యారాలు. పిల్ల వచ్చి కూర్చుంది, వెళ్లింది. పెద్దమనుషులు విడిగా మాట్లాడుకోవడానికి వాకిట్లోకి లేచారు. లేచారు కదా, వెనకనుంచి చూస్తే ఒక్కొక్కరి వీపు ఒక్కొక్క గులాబీ తోట! సున్నంతో సహా రంగంతా చొక్కాలకు అంటుకుని వచ్చింది, గోడ మీద వీపుల ఆకారాలు మిగిలాయి. అబ్బాయి తండ్రి భుజం మీదుగా చెయ్యి పోనిచ్చి, వేళ్లు చూసుకుని, ముఖం గంటు పెట్టుకున్నాడు. మా మరిది నేలచూపులు చూస్తున్నాడు. నా లోపల మాత్రం, ఏం దాచను, పండుగే పండుగ. ఇప్పుడు అందరినీ నా గదికి పిలవాల్సిందే, నా తెల్ల గోడలే దిక్కు అనుకుంటూ చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను.

నేను నోరు తెరిచేలోపు యారాలు కదిలింది. కట్టుకున్నది కొత్త పట్టుచీర. ఆ చీరతోనే గోడ దగ్గరికి పోయి, వీపు ఆనించి అటూ ఇటూ బాగా రుద్దుకుని, వెనుదిరిగి చూపించి, "సూడుండ్రి పెద్దనాయినా, ఇప్పుడు నేను గూడ మీ లెక్కనే ఉన్న!" అంది. అబ్బాయి తండ్రి నవ్వడం మొదలుపెట్టాడు చూడండి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "గిసొంటి ఇంటి పిల్లనైతె కండ్లు మూసుకొని చేసుకోవచ్చు" అన్నాడు. అంతటితో మాట ఖాయం. లోపలి తలుపు చాటునుంచి ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి, ఎవరున్నారు ఏమిటి అని చూడకుండా, ఆ గులాబీ వీపును కావలించుకుంది. నేను చుడువా పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

తర్వాత మా గోడకు పిస్తా రంగు వేశాం. ఏళ్ల తరబడి పెచ్చు లేవలేదు, మచ్చ పడలేదు, పిల్లలు పెన్సిలుతో గీసినా తుడిస్తే పోయేది. ఒక్కరంటే ఒక్కరు దాని మాటెత్తితే ఒట్టు. నిలవని ఆ గులాబీ గోడ కథ మాత్రం ప్రతి పెళ్లిలో, ప్రతి పురుడులో చెప్పుకుని నవ్వుకున్నారు. ఏటా బతుకమ్మకు ఆడబిడ్డ బస్సు దిగి వస్తుంటే నేను గుమ్మంలో నిలబడి ఆమె చేతిలోని సంచి వైపే చూసేదాన్ని. ఆ సంచి వాకిలి దాటి, నా గుమ్మం దాటి, నేరుగా పోయి యారాలి గదిలో దిగేది. ఇంకా విడ్డూరం వినండి. ఆ పిల్ల పెళ్లయిన మరుసటి నెల, మరిది అడిగాడని, మా ఆయనే రేకు పట్టుకుని వెళ్లి, ఆ గది సున్నమంతా గోకి, నా డబ్బాలో మిగిలిన ప్రైమరే పూసి, ఆడబిడ్డ ముచ్చటపడిందని మళ్లీ అదే గులాబీ వేసి వచ్చారు. ఆ పూట ఆయనకు మజ్జిగన్నమే పెట్టాను.

మొన్న ఫ్లాటులో పాలు పొంగించాం. సోఫాలు, కుర్చీలు గోడలకు జానెడు దూరంగా వేశారు, పిల్లలను గోడలు ముట్టుకోవద్దని పెద్దలు కసిరారు. ముట్టుకునేంతసేపు ఉన్నవాళ్లెవరు కనుక. ఆడబిడ్డ కారులో వచ్చింది, నిలబడే ప్రసాదం తిని, గులాబీ వీపుల కథ మరోసారి చెప్పి అందరినీ నవ్వించింది. నా కళ్లు పాత అలవాటున ఆమె సంచి కోసం వెతికాయి. చిన్న హ్యాండుబ్యాగు ఒకటి భుజానికి వేలాడుతోంది, వచ్చినప్పటినుంచి దాన్ని కింద పెట్టనే లేదు. పక్కకు చూస్తే యారాలు కూడా ఆ భుజం వైపే చూస్తోంది. రాత్రికి ఉండవే అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. ట్రాఫిక్ పెరుగుతుంది వదినా అని మా ఇద్దరి చేతులు నొక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ అయింది. యారాలు నా గోడను అరచేత్తో నిమిరి, "అక్కా, మంచిగ జేయించినవు. చేతికి జెర గూడ అంటలేదు" అంది. ఈ ఒక్క మాట ఆమె నోట వినాలని ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆమెకేం తెలుసు! మోకాళ్లు మొరాయిస్తున్నా ఇద్దరం సోఫా వదిలేసి కింద కూర్చుని, గోడకు వీపులు ఆనించి చాయ తాగాం. లేచాక, ఎవరు ముందు చూశామో తెలియదు కానీ, ఒకరి వీపు ఒకరం చూసుకున్నాం. ఏమీ అంటలేదు.