సాక్ష్యం చెప్పాక ఆపిన మాత్రలు

ఇది ఎప్పుడో రాయాల్సింది. యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. మా చర్చి వెనక గదిలో టీచరమ్మ ఒకావిడ సాయంత్రాలు నేర్పితే వచ్చాయి. వచ్చాక కూడా రెండేళ్ళు రాయలేదు. నా కూతురు చదువుతుందని భయం. ఇప్పుడు దానికి మాట తడబడుతుంది గానీ చదవడం బాగానే వచ్చు. అయినా జరిగింది దానికి నాకంటే బాగా తెలుసు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు గుండుగొలను దాటి చేపల చెరువుల వైపు వెళ్ళే దారిలో ఉంది. మా ఆయన ఒక చెరువు దగ్గర కాపలా. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా దానికి మూర్ఛలు మొదలయ్యాయి. ఏలూరు డాక్టరుగారు మాత్రలు రాశారు. అవి వేస్తూనే ఉపవాస ప్రార్థనలు కూడా చేయించాం. ఆరు నెలలపాటు ఒక్కసారీ రాలేదు.

మా చర్చిలో మేలు పొందినవాళ్ళు ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. నేనూ లేచాను. దేవుడు నా బిడ్డను పూర్తిగా స్వస్థపరిచాడని మైకులో చెప్పాను. మాత్రల మాట ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకా మాత్రలు మింగిస్తున్నారేంటండీ? మైకులో ఏమో స్వస్థత, ఇంట్లో ఏమో మందులు. దేవుడితో కూడా దాగుడుమూతలా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజే మాత్రలు ఆపేశాను.

పిల్ల డాక్టరు చీటీ తెచ్చి చూపించింది. "అమ్మా, అడక్కుండా ఆపొద్దని ఇందులో రాశారే."

"నాలుగు ముక్కలు చదివావని నాకే నేర్పుతున్నావా? దేవుడికంటే ఆ కాయితం ఎక్కువా?"

పిల్ల మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ప్రార్థనలో కళ్ళు మూసుకునేది కాదు.

నాలుగో నెలలో, వాళ్ళ నాన్నకు క్యారేజీ తీసుకెళ్తుంటే చెరువు గట్టు మీద మూర్ఛ వచ్చి నీళ్ళలో పడిపోయింది. ఆయన చూసి, దూకి, బయటికి తీసేసరికి ఊపిరి లేదు. గుండెల మీద నొక్కి నొక్కి ఊపిరి తెప్పించారు. దాని మాట తడబాటు అప్పటి నుంచే. ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం.

డాక్టరుగారు మొదట అడిగింది ఒకటే. "మాత్రలు రోజూ ఇస్తున్నారా అమ్మా?"

"ఇస్తున్నామండీ" అన్నాను.

నిజం చెబితే దేవుడి పరువు పోతుందనుకున్నాను. పోయేది నా పరువని ఒప్పుకోలేకపోయాను. ఆయన నా మాట నమ్మారు. ఆ మాత్ర పనిచేయడం లేదనుకుని ఇంకో గట్టి మందు కలిపారు. రెండు రోజులు పిల్ల మత్తులోనే ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచి, నేనెవరో తెలియనట్టు చూసేది.

రెండో రోజు సాయంత్రం మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన్ని వరండాలోకి పిలిచి జరిగిందంతా చెప్పేశాను. ఆయన బెంచీ మీద కూలబడ్డారు.

"మానేయమని నేను చెప్పానా అమ్మా?"

"లేదయ్యగారూ. మానొద్దని కూడా అనలేదండీ."

ఆయన మొహం తుడుచుకున్నారు. "నేను పదేళ్ళుగా షుగరు మాత్రలు వేసుకుంటున్నాను."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేంటండీ?"

"స్వస్థత ప్రార్థనలు చేసేవాడికి షుగరేంటంటారని..." తల దించుకున్నారు.

నాకు కోపం వచ్చింది. కానీ ఏ మొహంతో తిడతాను? నేను దాచిందీ అదేగా.

ఆయన వెళ్ళాక ఇడ్లీ పొట్లం విప్పి, అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి, తినబోయి ఆగిపోయాను. రోజూ స్తోత్రం చెప్పాకే అన్నం తింటాం. తిన్నందుకు విశ్వాసం లేదని ఎవరూ అనరు. రైతు పండించినా, నేను వండినా, దేవుడు పెట్టాడనే అంటాం. మరి మాత్ర దగ్గరకొచ్చేసరికి దేవుణ్ని పక్కకెందుకు నెట్టాను? మూర్ఛ రాని ఆ ఆరు నెలలూ దేవుడిచ్చినవే. మాత్ర ద్వారా ఇచ్చాడు. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి నా బిడ్డ నీళ్ళలో మునగాల్సి వచ్చింది. పొట్లం మళ్ళీ కట్టేశాను.

మర్నాడు ఉదయం డాక్టరుగారు వార్డులోకి రాగానే లేచి నిలబడ్డాను. మంచం చుట్టూ నర్సులున్నారు, చదువుకునే కుర్ర డాక్టర్లున్నారు. పిల్ల కళ్ళు తెరిచే ఉంది.

"మొన్న మీకు అబద్ధం చెప్పానండీ" అన్నాను. "మాత్రలు ఆపి నాలుగు నెలలైంది. ఆపొద్దని పిల్ల చెప్పింది. నేనే వినలేదు."