వంతుల కాగితం

మొన్న శనివారం మధ్యాహ్నం మా ఊరు ఏజాక్స్ లైబ్రరీ హాల్లో మా బావగారి ఉపన్యాసం విని ఇంటికి వచ్చిన దగ్గరనుంచి నాకు అన్నం సహించడం లేదు. మా అక్క భర్త అయిన ఆయన చరిత్ర ప్రొఫెసరుగా రిటైరయ్యారు. ఎంచుకున్న విషయం మంచిదే: ఒకప్పుడు అమెరికా సరిహద్దు అడవుల్లోకి వెళ్ళి, నాదీ నీదీ అన్న మాట లేకుండా ఒకే పొలం, ఒకే వంటశాలగా బతకాలని ఊళ్ళు కట్టుకున్న ఆదర్శవాదుల కథ. చివర్లో గొంతు సవరించుకుని, మేమూ ఇక్కడ కెనడాలో, హామిల్టన్ దగ్గర అటువంటి ప్రయోగం చేశామని చెబుతూ తెర మీద ఒక పాత కాగితం చూపించారు. అది నేను రాసిన కాగితం.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రోడ్డు మీద తెలుగు మాట చెవిన పడితే కారు ఆపి మరీ పలకరించేవాళ్ళం. మా అక్కావాళ్ళూ, అలా కలిసిన మరో మూడు కుటుంబాలూ, అప్పటికింకా బ్రహ్మచారినైన నేనూ, ఊరి చివర ఒక పాత ఫార్మ్‌హౌస్ అద్దెకు తీసుకున్నాం. ఆదివారం భోజనాల దగ్గర బావగారు ఆ ఆదర్శవాదుల గురించిన పుస్తకాలు చదివి వినిపించేవారు. ఎంతటివాడైనా వంతు వస్తే గిన్నెలు తోమవలసిందే అంటున్నప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి, మాకు ఒళ్ళు పులకరించేది. కొత్త ఇంజనీరునని వంట, గిన్నెలు, మంచు ఎత్తడం ఎవరి వంతు ఎప్పుడో రాసే పని నాకు అప్పగించారు. స్కేలు పెట్టి గీతలు గీసి, వంటకు ఎర్ర సిరా, గిన్నెలకు నీలం సిరా వాడి, ఎంత మురిసిపోయానో!

మాలో గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం ఒకటి ఉండేది. ఆయన స్టీలు మిల్లులో పని చేసేవాడు, ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఆయన్ను అన్నయ్య అనేవాణ్ణి కనుక ఆవిడ నాకు వదిన. వదిన ఊరినుంచి తెచ్చిన గోంగూర విత్తనాలు పెరట్లో చల్లి, ఆ దేశం కాని దేశంలో మోకాలెత్తు పెంచింది. తన వంట వంతు వచ్చిన రోజు గోంగూర పప్పు చేస్తాననీ, అందరూ ఎన్ని ముద్దలు తింటారో చూస్తాననీ నవ్వుతూ చెప్పేది.

సరిగ్గా అప్పుడే బావగారి తల్లి ఇండియానుంచి వచ్చారు. బావగారు నన్ను గ్యారేజీలోకి పిలిచి, అమ్మ ఉన్నన్నాళ్ళూ వదినకు వంట వంతు వేయవద్దనీ, ఎవరికీ తెలియకుండా సర్దమనీ అన్నారు. నేను సర్దాను. వదిన పెంచిన గోంగూర మా అక్క వండితే ఆ పెద్దావిడ మారు వడ్డించుకుని తిన్నారు. మూడు నెలలకు ఆవిడ తిరిగి వెళ్ళిపోయారు. బావగారు మళ్ళీ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు, వదిన పేరు నీలం సిరాలోనే ఉండిపోయింది.

ఒకరోజు వదిన ఆ కాగితం ముందు నిలబడి, "మరిదిగారూ, నాకు వంట వంతు రాదేంటండీ, ఎప్పుడూ అంట్లేనా?" అంది. నైట్ డ్యూటీలు కదా, మీకు శ్రమ ఎందుకని, అన్నాను. నా అబద్ధం నమ్మి, పాపం, ఆస్పత్రిలో బతిమాలి పగటి డ్యూటీ వేయించుకుని, ఆ షెడ్యూలు తెచ్చి నా కాగితం పక్కనే అంటించింది. ఆ వారం కూడా నేను ఆవిడ పేరు నీలం సిరాతోనే రాశాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. వదిన ఆ రాత చూసి, పక్కనున్న తన షెడ్యూలు ఊడదీసుకుని వెళ్ళింది. మంచు పడకముందే వాళ్ళు వేరే ఇల్లు చూసుకుని ఎటోబికో వెళ్ళిపోయారు, ఏడాది తిరక్కుండా మిగతావాళ్ళమూ చెదిరిపోయాం.

ఉపన్యాసంలో బావగారు, అడవి ఆ ఆదర్శవాదులను ఓడించినట్టే కెనడా చలి మమ్మల్నీ ఓడించిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న ఆయన మనవరాలు మాత్రం తెర వంక చూస్తూ, "తాతయ్యా, వై ఈజ్ దిస్ ఆంటీ ఆల్వేస్ ఆన్ డిషెస్?" అంది. పదేళ్ళ పిల్లకు ఒక్క చూపులో కనబడింది. ఆయన తడుముకోకుండా, "ఆవిడకి అదే ఇష్టంరా," అని తరువాతి బొమ్మకు వెళ్ళిపోయారు. ఆయన కాక హాల్లో నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేవలేదు. ఆనాడు చిన్నవాణ్ణి, ఆయన మాట కాదనలేకపోయాననుకున్నాను. ఈ డెబ్బై ఏళ్ళ వయసులో ఇంకేం చెప్పుకోను?

ఇప్పుడు తలా ఒక వంటకం తెచ్చుకునే మన పాట్‌లక్కుల్లో ఏ ట్రే ఎవరింటిదో ఎవరూ అడగరు, అందరూ అన్నీ వడ్డించుకుంటారు. మేము పుస్తకాలు చదివి చేయలేనిది ఇప్పటి పిల్లలు మాట్లాడకుండా చేసేస్తున్నారు. నేనూ ఆ వరుసలో నిలబడతాను. గోంగూర పప్పు కనబడితే ఒక గరిటె వేసుకుంటాను. వదిన చేస్తే ఎలా ఉండేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.