శ్రుతి తగ్గించిన సాయంత్రం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! నేను బడికి వెళ్లినదాన్ని కాను. మా అమ్మ వంటింట్లో పాటల పుస్తకం ముందుపెట్టి నేర్పిన అక్షరాలతో ఇది రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. పోయిన వేసవిలో పది రోజులు నేనెంత భయంలో బతికానో, అందులోంచి దేవుడు నన్నెలా నడిపించాడో చెప్పకుండా ఉండలేను.

ముసునూరు దగ్గర మేం మామిడి తోట కౌలు చేస్తాం. ఏటా మే నెలలో మా సంఘపు క్వయర్ పాటల కూటం పెడుతుంది. పాత కీర్తనలు, పిల్లల కోలాటం పాట, కోతల పాట, మా క్వయర్‌కు పాటలు నేర్పే మాస్టారు టేపురికార్డరులో వినిపించి నేర్పిన నాలుగు గొంతుల ఇంగ్లీషు పాట, ఇన్ని రకాలు! చివరి కీర్తనలో మొదటి చరణం నేనొక్కదాన్నే పాడాలి.

కూటం ఇంకా పది రోజులుందనగా మా ఆయన ఒక గదిలో గడ్డి పరిచి, కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టి మాగేశారు. మా పుట్టింట్లో ఉత్త గడ్డిలోనే మాగేసేవాళ్లం, ఎండ ముదిరితే పైన గోనెపట్టాల మీద నీళ్లు చల్లేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ నేను తలుపు దగ్గరగా వేసుకుని బిందెడు నీళ్లు కుమ్మరించాను! కార్బైడుకు నీళ్లు తగలగానే బుస్సుమని పొగ లేచింది, కుళ్లిన వెల్లుల్లి వాసన, కళ్లు మంట, ఊపిరాడలేదు.

"ఏంటే, దానిమీద నీళ్లు పోశావా! మతిగానీ పోయిందా నీకు!" అంటూ మా ఆయన నన్ను బయటికి లాక్కొచ్చారు. జవాబు చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

నూజివీడు డాక్టరుగారు, "పది రోజులు మాట్లాడకండమ్మా, అప్పటికీ రాకపోతే బెజవాడ తీసుకెళ్లాలి" అన్నారు. ఆ మాటకే నాకు మా అమ్మ గుర్తొచ్చింది, అమ్మకూ ముందు గొంతే పోయింది, తర్వాత మెతుకు దిగలేదు, ఆర్నెల్లకు ప్రభువు పిలుచుకున్నాడు. నేను ఘడియకోసారి మెడ తడుముకునేదాన్ని, అద్దంలో నోరు తెరిచి చూసుకునేదాన్ని.

"ఏంటక్కా, కోయిలమ్మ మౌనవ్రతం పట్టిందా?" అని మా తోడికోడలు నవ్వించబోతే ఏడుపొచ్చింది.

ఒక పూట రెండేళ్ల నా కూతురు తోటలో బావి వైపు నడుస్తోంది, పిలుద్దామంటే పిలుపు లేదు! పరుగెత్తి దాన్ని ఒడిసిపట్టి, అక్కడే మోకరించి లోలోపల ఇలా ప్రార్థించాను: "ప్రభువా, పాట నాకొద్దయ్యా. నా బిడ్డను పేరు పెట్టి పిలిచేంత గొంతు ఇవ్వు, చాలు."

మాస్టారు ఇంటికొచ్చి, "పాడకపోయినా పర్లేదమ్మా, మీ చోట మీరు నిలబడండి. ఆ చరణం మాత్రం ఎవరికీ ఇవ్వను" అన్నారు.

పదో రోజు సాయంత్రం గుడి ముందు పందిట్లో నా చోట నేను నిలబడ్డాను. చివరి కీర్తన వచ్చింది, మాస్టారు హార్మోనియం మీద శ్రుతి ఇచ్చారు, నేను నోరు తెరిచాను, ఏమీ రాలేదు! మా ఆయన తల దించుకున్నారు, నాకు మంచం మీద నోరు కదుపుతున్న అమ్మే కనిపించింది. మాస్టారు ఆపలేదు, ఒక మెట్టు దించారు, ఇంకొకటి దించారు, నాలుగో మెట్టు దగ్గర నా రొమ్ములోంచి ఒక బొంగురు గొంతు లేచింది, అది నాదని నాకే తెలియలేదు, అయినా చరణమంతా పాడాను సహోదరులారా! సన్నగొంతుల ఆడవాళ్లు సహితం తమకు అందని ఆ కిందిస్థాయికి దిగివచ్చి నాతో పల్లవి అందుకున్నారు.

తర్వాత బెజవాడలో చూపించుకుంటే పొగకు గొంతు కమిలింది తప్ప మరే జబ్బూ లేదన్నారు, దేవునికే మహిమ! పై స్థాయి తిరిగి రాలేదు, అందుకు దిగులూ లేదు, నా బిడ్డను రోజుకు వందసార్లు పిలుస్తున్నాను.

భయంతో నోరు మూసుకున్న తల్లీ, తండ్రీ, మీరూ ప్రభువు దగ్గరకు రండి. గొంతు బాగుపడ్డాక వద్దామని ఆగకండి. ఉన్న గొంతుతోనే రండి, శ్రుతి మేం తగ్గిస్తాం.