మావాడు కాదు

ఇవాళ పొద్దున ఈ అరబ్బు దేశంలో మేముండే అల్ నహ్దాలో మా బిల్డింగుకి బొద్దింకల మందు కొట్టేవాళ్లు వచ్చారు. తెల్ల సూట్లు, మూతికి మాస్కులు, వీపున డబ్బాలు. పక్క ఫ్లాట్ల వాళ్లంతా గిన్నెలు సర్దుకుంటూ నవ్వుకుంటుంటే నేను మాత్రం చేతిలో గిన్నె వదిలేసి తలుపు వెనక్కి జరిగాను. కరోనా ఏడు మా మామ్మగారింటికి వచ్చినవాళ్లు కూడా అచ్చం ఇలాగే ఉన్నారు.

మామ్మగారంటే నా మామ్మ కాదు. చైనా మనిషి, తొంభై దాటిన ముసలావిడ. కొడుక్కి ఇండస్ట్రియల్ ఏరియాలో మిషన్ల స్పేర్ పార్టుల కొట్టు. అరవై దాటినా ఆయన్ని నేను అబ్బాయిగారనే పిలిచేదాన్ని. ఆవిణ్ని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు చైనా భాష రాదు. పోట్లాటలకి మాత్రం ఎప్పుడూ లోటు లేదు. నేను కమ్మగా పప్పు వండిపెడితే దాని మీద నల్లటి వెనిగర్ పోసుకుని తినేది. గోదావరి జిల్లా మనిషిని కదా, ప్రాణం ఉసూరుమనేది. మా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన మాట 'ఖలాస్' ఒక్కటే, అరబ్బీలో చాలు, అయిపోయింది అని. కడుపు నిండినా అదే అనేది, నా మీద కోపం వచ్చినా అదే అనేది.

అబ్బాయిగారికి జ్వరం ముదిరి ఊపిరాడకపోతే అంబులెన్సు వాళ్లు వచ్చారు. ఒక్కరి మొహమూ కనబడదు. ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఈయన మీ కొడుకేనా అని ఆవిణ్ని ఇంగ్లీషులో, సైగలతో అడిగారు. ఆవిడ ఆయన కేసి చూడకుండానే "నో" అంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "కన్నకొడుకుని పట్టుకుని కాదంటారేంటండీ? ఆయన మొహం చూసేరా అసలు?" అని తెలుగులోనే దులిపేశాను. ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం చైనా నుంచి మనవరాలు ఫోన్ చేస్తే ఉక్రోషం పట్టలేక జరిగింది చెప్పాను. ఆ పిల్ల ఇంగ్లీషులో నిదానంగా చెప్పుకొచ్చింది. మామ్మగారి చిన్నతనంలో జపాను సైన్యం వాళ్ల ఈశాన్య ప్రాంతం మీద పడిందట. సర్కారు సైన్యం వెనక్కి తగ్గితే రైతులూ వేటగాళ్లూ, ఆఖరికి దారిదోపిడీ దొంగలూ కలిసి, దొరికిన తుపాకీ పట్టుకుని దళాలు కట్టారట. బండి తోలుకునే మామ్మగారి నాన్న కూడా అందులో చేరాడు. పట్టుబడ్డవాళ్లని తాళ్లతో కట్టి, మంచులో ఊరూరా నడిపించి, వీడు ఎవరింటివాడని అడిగేవారట. మావాడన్న ఇల్లు మనుషులతో సహా తగలబడిపోయేది. అందుకని వాళ్లమ్మ జడ వేస్తూ రోజూ వల్లె వేయించేది, ఎవరిని చూపించినా తెలియదనాలని. ఒకరోజు నాన్ననే తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. అమ్మ తెలియదంది. ఐదేళ్ల పిల్లా తెలియదంది. వీళ్లెవరో నాకూ తెలియదన్నాడాయన. ఊరి చివర కాల్చేశారు. శవాన్ని తెచ్చుకుంటే మావాడని ఒప్పుకున్నట్టే కదా, అక్కడే వదిలేశారు. ఆ తరవాత ఈ సంగతి చెప్పుకున్నా, ఆయన పేరు మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాలేదట.

ఫోన్ పెట్టేశాను. వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

అబ్బాయిగారు తిరిగి రాలేదు. ఆఖరి చూపుకి కూడా ఎవరినీ రానివ్వని రోజులవి. మనవరాలు లైన్లో ఉండగా, ఆసుపత్రి నర్సు వీడియో కాల్‌లో ఆయన మొహం చూపించి, మీవాడేనా అని అడిగింది. మళ్లీ కాదంటుందేమోనని ఫోన్ ఆవిడ కళ్లకి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను. మామ్మగారు తెర మీద ఆయన నుదుటిని వేలితో తడిమింది. తరవాత గొంతెత్తి, ఆపకుండా ఏదో చెబుతూనే ఉంది.

మనవరాలు ఏడుస్తూ నాతో అంది. "మావాడే అంటోంది. రెండు పేర్లు చెబుతోంది. ఒకటి మా నాన్నది. రెండోది మేమెవరమూ ఎప్పుడూ వినలేదు."

భయం తీరడానికి ఆవిడకి ఒక జీవితకాలం పట్టింది; ఆ మాట వినాల్సిన ఇద్దరికీ అంతకాలం ఆగే వీలు లేకపోయింది.